కెరోటిడ్ (మెడ ధమని), రీనల్ (కిడ్నీ ధమని) ఎంఆర్ యాంజియో (ఎంఆర్‌ఐతో రక్తనాళాల స్కాన్): ధమని మధ్యలో నల్ల చార, జుగులర్ (మెడలోని వెయిన్) నిండిపోవడం, ఇమేజ్ మసక. ఏది ముందు సరిచూడాలి?

నాగావళి_ఎంఆర్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా సెంటర్‌లో 1.5 టెస్లా మెషీన్, 16 చానెళ్ల హెడ్-నెక్ కాయిల్, పవర్ ఇంజెక్టర్ ఉన్నాయి. కాంట్రాస్ట్‌తో (నాళాలు వెలిగేలా ఎక్కించే మందుతో) చేసే యాంజియోల క్వాలిటీ పేషెంటుకీ పేషెంటుకీ మారిపోతోంది. సెట్టింగులు ఇస్తున్నాను, ఎక్కడ తేడా ఉందో చెప్పండి.

కెరోటిడ్: కరోనల్ 3డీ స్పాయిల్డ్ గ్రేడియంట్ ఎకో, టీఆర్ (పల్స్‌కీ పల్స్‌కీ మధ్య సమయం) 3.6, టీఈ (సిగ్నల్ అందుకునేదాకా పట్టే సమయం) 1.3 మిల్లీసెకన్లు, ఫ్లిప్ 25 డిగ్రీలు, ఒక మి.మీ. వాక్సెల్, స్కాన్ టైమ్ 20 సెకన్లు. కే-స్పేస్ (ఇమేజ్‌గా మారకముందు సిగ్నల్ గీతలు గీతలుగా నిండే పట్టిక) ఆర్డర్ లీనియర్, అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వరసగా. 60 కిలోల మనిషికి గాడోటెరేట్ (గాడోలినియం ఉన్న కాంట్రాస్ట్ మందు) 12 మి.లీ., సెకనుకి 2 మి.లీ. చొప్పున, వెనకాలే 20 మి.లీ. సెలైన్. ఇంజెక్షన్ మొదలైన 12వ సెకనుకి స్కాన్ స్టార్ట్ చేస్తాం. అందరికీ అదే డిలే.

కనబడుతున్న సమస్యలు ఇవి. పెద్ద వయసు వాళ్లలో, గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో కామన్ కెరోటిడ్ అంచులు తెల్లగా, మధ్యలో నల్ల చారగా వస్తోంది. కుర్రవాళ్లలో జుగులర్ వెయిన్ పూర్తిగా నిండిపోయి బైఫర్కేషన్ (కెరోటిడ్ రెండుగా చీలే చోటు) మీద పడుతోంది. కొందరిలో ఎడమ సబ్‌క్లేవియన్ (చేతికి వెళ్లే ధమని) మొదలు తెగిపోయినట్టు ఉంటోంది, డాప్లర్ (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్) చూస్తే నార్మల్. రీనల్‌లో అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) శుభ్రంగా ఉండి, కిడ్నీ దగ్గరికి వెళ్లేసరికి ధమని మసకబారుతోంది, సబ్‌ట్రాక్షన్‌లో (మందుకి ముందు తీసిన మాస్క్ ఇమేజ్‌ని తీసివేసిన దాంట్లో) రెండు గీతలు.

డోస్ పెంచితే సరిపోతుందని ఒకరు, రిజల్యూషన్ పెంచమని ఇంకొకరు అంటున్నారు. ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ పేషెంట్లు ఎక్కువ, కాబట్టి డోస్ పెంచడం నాకు ఇష్టం లేదు.

కోట_జంక్షన్ (విజయనగరం)

బ్రదర్, డోస్ జోలికీ రిజల్యూషన్ జోలికీ ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన మొదటి రెండు సమస్యలూ ఒకే చోట పుడుతున్నాయి. అందరికీ ఒకే 12 సెకన్లు పెట్టడమే దానికి కారణం.

కే-స్పేస్ మధ్య భాగం కాంట్రాస్ట్‌ని నిర్ణయిస్తుంది, అంచులు సన్నని వివరాల్ని ఇస్తాయి. లీనియర్ ఆర్డర్‌లో 20 సెకన్ల స్కాన్ అంటే మధ్య గీతలు 10వ సెకను దగ్గర పడతాయి. మీరు 12కి స్టార్ట్ చేస్తే మధ్య భాగం ఇంజెక్షన్ మొదలైన 22వ సెకనుకి వస్తుంది. ఆ క్షణానికి మెడలో గాడోలినియం ఎంత ఉందో, ఫిల్ములో కనబడేది అదే. గుండె బలంగా ఉన్న కుర్రాడిలో 22కి మందు జుగులర్‌లోకి దిగిపోయి ఉంటుంది. గుండె బలహీనమైన పెద్దాయనలో అప్పుడప్పుడే ఎక్కుతూ ఉంటుంది. మధ్య గీతలు తక్కువ గాడోలినియంతో, అంచు గీతలు ఎక్కువ గాడోలినియంతో పడితే అంచులు మాత్రమే వెలిగి, లోపల నల్లగా మిగులుతుంది. ఆ నల్ల చారని త్రాంబస్ (రక్తం గడ్డ) అనో డిసెక్షన్ (నాళం గోడ చీలడం) అనో రిపోర్ట్ చేసే ప్రమాదం ఉంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

టెస్ట్ బోలస్ (ముందుగా కొద్ది మందు పంపి ఎప్పుడు చేరుతుందో చూడడం) చేయండి. 2 మి.లీ. గాడోలినియం, వెనకాల 20 మి.లీ. సెలైన్, మెయిన్ ఇంజెక్షన్‌కి ఏ స్పీడ్ పెడతారో అదే స్పీడ్. సెకనుకి ఒక ఇమేజ్ చొప్పున 50 ఇమేజ్‌ల 2డీ స్కాన్, ఇంజెక్టర్ బటన్, స్కాన్ బటన్ ఒకేసారి నొక్కాలి. స్లైస్‌ని అడ్డంగా పెడితే కొత్తగా వచ్చే రక్తమే ముందు నుంచీ తెల్లగా కనబడి, మందు ఎప్పుడొచ్చిందో తెలియదు. కాబట్టి స్లైస్‌ని నాళం పొడవునా పెట్టండి. అడ్డంగానే పెట్టాల్సి వస్తే కింద శాచురేషన్ బ్యాండ్ (వచ్చే రక్తం సిగ్నల్‌ని ముందే అణిచే పట్టీ) వేయండి. కెరోటిడ్ మీద ఒక ఆర్‌ఓఐ (సిగ్నల్ కొలిచే చిన్న గుర్తు), జుగులర్ మీద ఒకటి గీసి గ్రాఫ్ చూడండి. కెరోటిడ్ పీక్ ఎప్పుడో తెలుస్తుంది, జుగులర్ మొదలయ్యేలోపు మీకు ఎన్ని సెకన్లు చేతిలో ఉన్నాయో కూడా తెలుస్తుంది.

లెక్క ఇలా: డిలే = పీక్ టైమ్ + ఇంజెక్షన్ టైమ్‌లో సగం − కే-స్పేస్ సెంటర్ టైమ్.

మీ సెట్టింగులతోనే చూద్దాం. 12 మి.లీ. సెకనుకి 2 అంటే ఇంజెక్షన్ 6 సెకన్లు, సగం 3. సెంటర్ 10. పీక్ 18 వచ్చిన మనిషికి 18 + 3 − 10 = 11, అంటే మీ 12 దాదాపు సరిపోతుంది. పీక్ 13 వచ్చిన కుర్రాడికి 6 సెకన్లకే స్టార్ట్ చేయాలి, మీరు 6 సెకన్లు ఆలస్యం. పీక్ 27 వచ్చిన పెద్దాయనకి 20కి స్టార్ట్ చేయాలి, మీరు 8 సెకన్లు తొందర. ఒకే డిలేతో ఒకరిలో జుగులర్, ఇంకొకరిలో నల్ల చార ఎందుకొచ్చాయో ఇక్కడే తేలిపోతుంది. అటూ ఇటూ సందేహం ఉంటే ఒకటి రెండు సెకన్లు ఆలస్యమే మేలు. వెయిన్ కలిసినా ధమనిని విడదీసి చదువుకోవచ్చు, నల్ల చార పడిన ఇమేజ్‌ని మాత్రం బాగుచేయలేం.

సెంటర్ టైమ్ ఎప్పుడూ స్కాన్‌లో సగమే అనుకోకండి. పార్షియల్ ఫోరియర్ (కే-స్పేస్‌లో కొంత భాగమే నింపడం) 6/8 పెట్టి, వదిలేసే గీతలు మొదటివైపు ఉంటే సెంటర్ మూడో వంతుకే వచ్చేస్తుంది. 18 సెకన్ల స్కాన్‌లో 6వ సెకనుకే. చాలా మెషీన్లలో ఈ అంకె సీక్వెన్స్ కార్డులోనే కనబడుతుంది. ప్రోటోకాల్‌లో ఏది మార్చినా ఆ అంకె మళ్లీ చూడాలి.

ఇంకో రెండు విషయాలు ఎవరూ పట్టించుకోరు. ఒకటి, ట్యూబ్. టెస్ట్ బోలస్‌కి ట్యూబ్‌లో సెలైన్ నింపి, మెయిన్‌కి కాంట్రాస్ట్ నింపితే లెక్క తప్పుతుంది. 6 మి.లీ. పట్టే ట్యూబ్ అయితే సెకనుకి 2 మి.లీ. దగ్గర 3 సెకన్ల తేడా. రెండింటికీ ఒకేలా నింపండి. రెండు, షిమ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం), ఫ్రీక్వెన్సీ అడ్జస్ట్‌మెంట్లు మాస్క్ తీసేటప్పుడే అయిపోవాలి. మాస్క్ తర్వాత స్లాబ్ (స్కాన్ తీసే భాగం) కదిపితే మెషీన్ అడ్జస్ట్‌మెంట్ మళ్లీ మొదలుపెడుతుంది, మీ డిలే అక్కడే పోతుంది.

ఇక మసక గురించి. 6 సెకన్ల బోలస్‌తో 20 సెకన్ల స్కాన్ అంటే అంచు గీతలు పడే సమయానికి మందు పలచబడిపోతుంది, నాళం అంచులు మెత్తబడతాయి. బోలస్ కనీసం స్కాన్ టైమ్‌లో సగం ఉండాలి. మీకు 16 చానెళ్ల కాయిల్ ఉంది కాబట్టి ప్యారలల్ ఇమేజింగ్ (కొన్ని గీతలు వదిలేసి కాయిల్ చానెళ్ల సాయంతో పూరించడం) 2 పెట్టి స్కాన్‌ని 12 సెకన్ల దగ్గరికి దించండి, స్పీడ్‌ని 1.5కి తగ్గించండి. 12 మి.లీ. 8 సెకన్లు నడుస్తుంది. సిగ్నల్ 1.4 రెట్లు తగ్గుతుంది కానీ, మందు సరైన సమయానికి ఉన్నప్పుడు ఆ నష్టం కనబడదు. గాడోబ్యూట్రాల్ వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అది 1 మోలార్ (గాడోటెరేట్‌కి రెట్టింపు చిక్కన), అదే మనిషికి 6 మి.లీ. మాత్రమే, సెకనుకి 2 పెడితే 3 సెకన్లలో ఖాళీ. సెకనుకి 1 మి.లీ. పెట్టండి, లేదా సమానంగా సెలైన్ కలిపి 12 మి.లీ. చేసుకోండి.

రేడియాలజీ_విజయనగరం

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. ఎడమ సబ్‌క్లేవియన్ గురించి: ఆ కేసుల్లో క్యాన్యులా ఏ చేతికి పెట్టారో రికార్డు చూడండి. ఎడమ చేతికే అయి ఉండాలి. ఎడమ చేతి నుంచి వచ్చే మందు ఎడమ బ్రాకియోసెఫాలిక్ వెయిన్ గుండా అయోర్టిక్ ఆర్చ్ (అయోర్టా వంపు) నుంచి పైకి వెళ్లే ధమనుల ముందు నుంచే అడ్డంగా దాటుతుంది. పలచబడని గాడోలినియం అంత చిక్కగా ఉంటే టీ2-స్టార్ ప్రభావంతో (సిగ్నల్ మరీ తొందరగా ఆరిపోవడంతో) తన సిగ్నల్‌ని తానే చంపుకుంటుంది, పక్కనున్న ధమనిది కూడా లాగేస్తుంది. ఇమేజ్‌లో అది స్టెనోసిస్ (నాళం సన్నబడడం) లాగానో, పూర్తిగా మూసుకుపోయినట్టో కనబడుతుంది.

కాబట్టి కుడి మోచేతి మడత, పింక్ క్యాన్యులా (బ్లూ కంటే లావు). బ్లూ క్యాన్యులాతో, చేతి వెనక నరంతో పని నడుస్తుంది కానీ బోలస్ ముక్కలుగా చేరుతుంది. మందు ఎక్కించే ముందు 10 మి.లీ. సెలైన్‌ని అదే స్పీడ్‌తో పంపి, నరం ఉబ్బడం లేదని చేత్తో తడిమి చూడండి. సెలైన్‌ని 20 నుంచి 30 మి.లీ.కి పెంచండి, వెయిన్‌లో మిగిలిన మందు తొందరగా కడుక్కుపోతుంది.

డయాలసిస్ పేషెంట్ల దగ్గర ఈ నియమానికి మినహాయింపులు ఉంటాయి. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ వెయిన్‌నీ కలిపిన చోటు) ఉన్న చేతికి క్యాన్యులా వద్దు, బీపీ పట్టీ కూడా వద్దు. ఫిస్టులా చాలామందికి ఎడమ చేతికే ఉంటుంది కాబట్టి కుడి చెయ్యి దొరుకుతుంది. కానీ మెడలో కుడివైపు డయాలసిస్ క్యాథెటర్ పెట్టి తీసినవాళ్లలో ఆ దారిలోని వెయిన్ సన్నబడి ఉండొచ్చు. మందు కొలేటరల్స్ (పక్కదారి వెయిన్లు) చుట్టూ తిరిగి, ఆలస్యంగా, సాగిపోయి వస్తుంది. వంశధార కాలువ నీరు శివారు పొలానికి చేరినట్టే, వదిలిన జోరు చివర ఉండదు. ఇలాంటివాళ్లకి అంచనా డిలే అస్సలు పనికిరాదు. భుజం చుట్టూ, ఛాతీ గోడ మీద వెయిన్లు వెలిగితే అది కూడా రిపోర్టులో రాయాల్సిన విషయమే.

కిడ్నీ సంగతి. గాడోలినియంకీ నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్‌కీ (కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో చర్మం గట్టిపడే జబ్బు) సంబంధం 2006లో బయటపడింది. అప్పటి కేసుల్లో ఎక్కువ భాగం గాడోడయమైడ్ లాంటి లీనియర్ (అణువు గొలుసులా తెరిచి ఉండే) మందులవి, ఎక్కువ డోసులవి. మీరు వాడే గాడోటెరేట్ మాక్రోసైక్లిక్ (గాడోలినియంని ఉంగరంలా బిగించి ఉంచే రకం), ప్రమాదం చాలా తక్కువ ఉన్న గ్రూపులోది. అయినా కిలోకి 0.1 మిల్లీమోల్ దాటొద్దు, అంటే మీ 0.5 మోలార్ మందు కిలోకి 0.2 మి.లీ. టెస్ట్ బోలస్ 2 మి.లీ. కూడా ఈ లెక్కలోదే, 60 కిలోల మనిషికి 2 + 10. అప్పుడు ఇంజెక్షన్ టైమ్ కూడా 10 మి.లీ.కే లెక్కేసుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస నుంచి వచ్చేవాళ్లకి క్రియాటినిన్ 1.4 మాత్రమే అని సరిపెట్టుకోకండి. 70 ఏళ్ల మనిషికి ఆ అంకె దగ్గర ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) 60 లోపే ఉంటుంది, ఒళ్లు తగ్గి కండ లేనివాళ్లలో క్రియాటినిన్ అసలు సంగతిని ఇంకా దాచేస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ లెక్కగట్టి రిక్వెస్ట్ ఫారం మీద రాయించండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల స్కాన్‌ని ఆ రోజు డయాలసిస్‌కి ముందు వేయండి, తర్వాత కాదు.

ఇక మందు ఇవ్వకుండానే జవాబు వచ్చే కేసులూ ఉన్నాయి. కెరోటిడ్ బైఫర్కేషన్ వరకే ప్రశ్న అయితే టైమ్ ఆఫ్ ఫ్లైట్ (మందు లేకుండా పారే రక్తం మెరుపుతోనే తీసే స్కాన్) చాలు. రీనల్ ఆర్టరీ మొదటి భాగానికి ఇన్‌ఫ్లో మీద నడిచే బ్యాలెన్స్‌డ్ సీక్వెన్స్ ఉంది. కంపెనీని బట్టి నేటివ్, ఇన్‌హాన్స్, బీ-ట్రాన్స్ అనే పేర్లతో ఉంటుంది, మీ మెషీన్‌లో లైసెన్స్ ఉందేమో చూసుకోండి.

చివరిగా, నాకు మిప్ ఇమేజ్‌లు (బాగా వెలిగే చుక్కల్ని మాత్రమే ఒక్క బొమ్మగా చూపేవి) మాత్రమే పంపి ఊరుకోకండి. మిప్ స్టెనోసిస్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది, లోపలి ఫ్లాప్‌ని (చీలిన పొరని), గోడకి అంటుకున్న త్రాంబస్‌ని మింగేస్తుంది. సోర్స్ ఇమేజ్‌లు, సబ్‌ట్రాక్షన్‌కి ముందువీ తర్వాతవీ, అన్నీ కావాలి.

వంశధార_స్కాన్స్ (శ్రీకాకుళం జిల్లా)

రీనల్ మీద నేను రాస్తాను. అయోర్టా పదునుగా ఉండి, కిడ్నీ దగ్గర మాత్రమే మసక అంటే టైమింగ్ తప్పు కాదు, ఊపిరి. అయోర్టా వెన్నెముకకి ఆనుకుని ఉంటుంది, కదలదు. కిడ్నీ డయాఫ్రమ్‌తో పాటు పైకీ కిందకీ జరుగుతుంది, ధమని చివరి భాగాన్ని తనతో లాక్కుపోతుంది.

రెండు గీతలు ఎక్కణ్నుంచి వచ్చాయో తేల్చడం సులువు. సబ్‌ట్రాక్షన్‌కి ముందున్న కాంట్రాస్ట్ ఇమేజ్ తెరవండి. అందులో ధమని పదునుగా ఉంటే మాస్క్‌కీ దీనికీ ఊపిరి ఒకే చోట ఆగలేదు, తప్పు మాస్క్‌ది. అప్పుడు సబ్‌ట్రాక్షన్ లేకుండానే రిపోర్ట్‌కి ఇవ్వొచ్చు. అందులో కూడా మసకగా ఉంటే పేషెంట్ మధ్యలో ఊపిరి వదిలేశాడు.

ఊపిరి వదిలి ఆపడం ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంది. పీల్చి ఆపితే ఒక్కోసారి ఒక్కో లోతు. కానీ వదిలి 20 సెకన్లు ఆపడం ఆయాసం ఉన్నవాళ్ల వల్ల కాదు. కాబట్టి స్కాన్ టైమ్‌ని 12 నుంచి 14 సెకన్లకి దించండి: ప్యారలల్ 2, పార్షియల్ ఫోరియర్ 6/8, స్లాబ్ 80 నుంచి 100 మి.మీ. చాలు. అప్పటికీ ఆపలేనివాళ్లకి పీల్చి ఆపమనండి, కానీ మాస్క్‌కీ కాంట్రాస్ట్‌కీ ఒకే పద్ధతి ఉండాలి. టేబుల్ లోపలికి పంపకముందే పొట్ట మీద చెయ్యి పెట్టి సాధన చేయించండి. "పీల్చండి, వదలండి, మళ్లీ పీల్చండి, పూర్తిగా వదిలేయండి, అలాగే బిగబట్టండి" అని ప్రతిసారీ అవే మాటలు, అదే వేగం. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లు, సీతంపేట వైపు సవర మాట్లాడేవాళ్లు వస్తే వెంట వచ్చినవాళ్లని మైక్ దగ్గర కూర్చోబెట్టి వాళ్ల భాషలోనే చెప్పించండి. తెలుగు అర్థమైనట్టు తలూపినా మెషీన్ శబ్దంలో ఆ మాట అందదు.

ఈ మాటలన్నీ చెప్పడానికి 6, 7 సెకన్లు పడుతుంది. అది డిలేలోంచే తీసుకోవాలి. పీక్ 20, ఇంజెక్షన్ 8 సెకన్లు, సెంటర్ 5 అనుకోండి. డిలే 20 + 4 − 5 = 19. అంటే 12వ సెకనుకి మీరు "పీల్చండి" అనడం మొదలుపెట్టాలి. బోలస్ ట్రాకింగ్ (మందు రావడాన్ని అప్పటికప్పుడు చూసి స్కాన్ మొదలుపెట్టడం) వాడేవాళ్లు రీనల్ దగ్గర తెల్లబడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. మందు గుండె దాటి ఛాతీలోని అయోర్టాలోకి రాగానే ఊపిరి మాటలు మొదలుపెట్టాలి.

టెస్ట్ బోలస్ చేస్తే మాస్క్‌ని దాని తర్వాతే తీయండి. ఆ 2 మి.లీ. కిడ్నీలోకి, యూరెటర్‌లోకి దిగి వెలుగుతుంది. ముందు తీసిన మాస్క్‌తో అది పోదు. చేతులు పక్కనే ఉంటే కరోనల్ ఇమేజ్‌లో కిడ్నీల మీదకి మడతపడతాయి, ప్యారలల్ ఇమేజింగ్‌లో ఆ మడత నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. చేతులు తల పైకి పెట్టించండి, మోచెయ్యి వంగి క్యాన్యులా నొక్కుకోకుండా దిండు ఇవ్వండి. టెస్ట్‌కి చేతులు కింద, మెయిన్‌కి పైన అంటే టైమింగ్ మారిపోతుంది.

నాగావళి_ఎంఆర్

చాలా థ్యాంక్స్ సార్, అందరికీ. రికార్డు చూశాను, సబ్‌క్లేవియన్ తెగినట్టు కనబడినవన్నీ ఎడమ చేతి క్యాన్యులాలే. సెంటర్ టైమ్ కూడా మా మెషీన్‌లో సీక్వెన్స్ కార్డులో ఉంది, 9.8 చూపిస్తోంది.

ఇంకొక్క ప్రశ్న. షుగర్ పుండ్లతో వచ్చేవాళ్లకి కాళ్ల యాంజియో మూడు స్టేషన్లుగా, ఒకే ఇంజెక్షన్‌తో చేస్తాం. పొట్ట, తొడ బాగుంటాయి. పిక్క దగ్గరికి వచ్చేసరికి వెయిన్లన్నీ నిండి, టిబియల్ (పిక్క) ధమనులు ఏవో గుర్తుపట్టలేకపోతున్నాం. టేబుల్ వేగంగా జరిపినా లాభం లేదు. కిడ్నీ బాగున్న కేసుల గురించే అడుగుతున్నాను.

కోట_జంక్షన్

టేబుల్ వేగంతో తీరే సమస్య కాదు ఇది. పాదంలో పుండు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తం ధమని నుంచి వెయిన్‌లోకి తొందరగా మళ్లిపోతుంది, పిక్కకి టేబుల్ చేరేలోపే వెయిన్ నిండుతుంది. వరస తిప్పండి. పిక్కనీ పాదాన్నీ ముందు, విడి ఇంజెక్షన్‌తో, టైమ్ రిజాల్వ్‌డ్ (ఆగకుండా వరసగా వాల్యూములు తీసే) సీక్వెన్స్‌లో తీయండి. మీ మెషీన్‌ని బట్టి ట్విస్ట్, ట్రిక్స్, 4డీ-ట్రాక్ అని ఉంటుంది. 3 నుంచి 5 సెకన్లకి ఒక వాల్యూమ్, మందు పంపేముందే స్కాన్ మొదలుపెట్టి ఒకటి రెండు మాస్క్ వాల్యూములు రానివ్వండి. ఇందులో డిలే లెక్కే అక్కర్లేదు, ధమని మాత్రమే నిండిన వాల్యూముని తర్వాత ఏరుకుంటాం. ఒక కాలు ముందు, ఒక కాలు ఆలస్యంగా నిండేవాళ్లలో కూడా రెండూ దొరుకుతాయి. దీనికి 5, 6 మి.లీ. చాలు. ఆ తర్వాత రెండో ఇంజెక్షన్‌తో పొట్ట, తొడ. వాటికి మాస్క్‌లు మాత్రం మొదటి ఇంజెక్షన్ తర్వాత తీసుకోండి.

టైమ్ రిజాల్వ్‌డ్ లైసెన్స్ లేకపోతే తొడకి బీపీ పట్టీ కట్టి 50 నుంచి 60 మి.మీ. ప్రెజర్ పెట్టండి. ధమని ఆగదు, వెయిన్ నిండడం వెనకపడుతుంది. బైపాస్ గ్రాఫ్ట్ గానీ స్టెంట్ గానీ ఉన్న చోట పట్టీ కట్టొద్దు.

రేడియాలజీ_విజయనగరం

రెండు ఇంజెక్షన్లకీ కలిపి మొత్తం డోస్ ఎంతో మీ రేడియాలజిస్ట్ ముందే రాసి ఇవ్వాలి, టేబుల్ దగ్గర నిర్ణయించకూడదు.

పాదం పెట్టే తీరు కూడా చూడండి. వేళ్లు కిందకి వంచి కాయిల్‌లో బిగిస్తే పాదం పైనున్న డోర్సాలిస్ పెడిస్ ధమని నొక్కుకుపోయి, మూసుకుపోయినట్టు కనబడుతుంది. పాదం నిటారుగా ఉండాలి, మడమ కింద మెత్త పెట్టి, పిక్క టేబుల్‌కి ఒత్తుకోకుండా గాలిలో ఉండేలా చూడాలి. కాయిల్ పట్టీ బిగుతు తగ్గించండి. పుండు ఉన్న కాలికి బైపాస్ ఎక్కడ కలపాలో నిర్ణయించడానికి సర్జన్‌కి డోర్సాలిస్ పెడిస్ సరిగ్గా కనబడాలి.

ఇలియాక్‌లో (పొట్ట నుంచి కాలికి వెళ్లే ధమనిలో) స్టెంట్ ఉందా అని ముందే అడిగి ఫారం మీద రాయండి. స్టీల్ స్టెంట్ అయితే లోపల రక్తం పారుతున్నా అంతా నల్లగా వస్తుంది, టైమింగ్ ఎంత సరిగ్గా ఉన్నా మారదు. టీఈని మెషీన్ ఇచ్చినంత తక్కువకి దించండి, అప్పటికీ నల్లగానే ఉంటే ఆ భాగానికి డాప్లర్ చేయించమని రిపోర్టులో రాస్తాం.